బావా నేనూ కూర్చున్న సిట్టింగులు

మందులతో బావకు నిద్ర వచ్చింది గానీ మాట రాలేదు. రాత్రిళ్ళు పడుకుంటున్నాడు, పొద్దున లేస్తున్నాడు, మధ్యలో ఇంట్లో ఎవరితోనూ సంబంధం లేనట్టు ఉంటున్నాడు. అది చూసి మందులిస్తున్న సైకియాట్రిస్టే మమ్మల్నిద్దరినీ కలిపి ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపించాడు. ఏళ్ళ తరబడి సాగే కౌన్సెలింగ్ కాదు, కొద్ది సిట్టింగుల్లో అయిపోయేదని ముందే చెప్పాడు. మిలిటరీ నుంచి పీటీఎస్‌డీతో, అంటే ఘోరమైనదేదో చూశాక మనసును వదలకుండా పట్టుకునే జబ్బుతో వచ్చినవాళ్ళకు, వాళ్ళ భార్యలకు కలిపి ఇలాంటిదొకటి చేస్తారని తెలిసినవాళ్ళు మా అనంతపురంలో నాకు ఒక్కరూ తగల్లేదు. అందుకే రాస్తున్నాను.

బావ అంటే నా భర్తే, మేనత్త కొడుకు. మద్రాస్ సాపర్స్‌లో చేరి, మధ్యలో రాష్ట్రీయ రైఫిల్స్‌తో కాశ్మీర్‌లోని కుప్వారాలో పనిచేసి, హవల్దారుగా పెన్షన్ వచ్చాడు. సాపర్లంటే వంతెనలు, రోడ్లు వేసేవాళ్ళని మా బంధువులు అనుకుంటారు. మందుపాతరలు వెతికి తీసేదీ వాళ్ళే. ఆ పనిలో ఒకరోజు జరిగినది బావ వెంట ఇంటిదాకా వచ్చింది. అదేమిటో ఇక్కడ రాయను. అది ఆయన చెప్పుకోవాల్సింది.

పెన్షన్ వచ్చిన కొత్తలో అందరం సంబరపడ్డాం. పీటీసీ గ్రౌండ్‌లో పొద్దున్నే పరుగు, తర్వాత ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం చేను చూసి రావడం. మెల్లమెల్లగా తేడా తెలిసొచ్చింది. కుక్కర్ విజిల్ వేస్తే లేచి నిలబడేవాడు. హోటల్‌కు వెళ్తే గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడే కుర్చీలోనే కూర్చునేవాడు, ఆ కుర్చీ ఖాళీ లేకపోతే తినకుండా వెనక్కి వచ్చేసేవాళ్ళం. బ్యాంకులో గార్డు ఉద్యోగం దొరికింది. క్యూలో ఎవరో తోసుకొచ్చాడని కాలర్ పట్టుకుని, మరునాటి నుంచి తనే మానేశాడు. మా అత్త దిష్టి తీసింది, గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గర తాయెత్తు కట్టించుకొచ్చింది. నేను వద్దనలేదు. దాంతో అత్తకు నిద్ర పట్టింది, అదీ అవసరమే కదా.

ఒక రాత్రి బావ మిద్దె మీద పచార్లు చేస్తుంటే నేను వంటింట్లో కూర్చుని 14416కు ఫోన్ చేశాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మిలిటరీ వాళ్ళకని పుణెలోని మిలిటరీ మెడికల్ కాలేజీ ఏఎఫ్ఎంసీలో 2023 డిసెంబరులో ప్రత్యేకంగా ఒక విభాగం కూడా పెట్టారని నాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాట్లాడినామె నన్ను అడిగిన మొదటి మాట, "మీరూ పిల్లలూ ఇప్పుడు క్షేమంగా ఉన్నారా అమ్మా?" అని. ఆయన గురించి చెప్పడానికి ఫోన్ చేస్తే నా గురించి అడిగిందేమిటని ఆశ్చర్యపోయాను. సైకియాట్రిస్టుకు చూపించండి, ఆలస్యం చేయొద్దు అని చెప్పింది.

మాజీ సైనికులకు వైద్యం చేసే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు వెళ్ళడానికి బావ ఒప్పుకున్నాడు గానీ "నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్తా" అన్నాడు. సరే, ఏదో ఒక వాకిట్లోంచి లోపలికి వెళ్తే చాలనుకున్నాను. స్మార్ట్ కార్డు చూపించాం, మెడికల్ ఆఫీసర్ చూశాడు, సైకియాట్రీకి రిఫరల్ రాసిచ్చాడు. బావకున్న భయాలు రెండు. ఒకటి పెన్షన్‌కు ఏమన్నా అవుతుందేమోనని, రెండోది ఊళ్ళో తెలుస్తుందని. పెన్షన్‌కూ వైద్యానికీ సంబంధం లేదని సైకియాట్రిస్టు తేల్చి చెప్పాడు. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోందని కూడా వివరించాడు. చట్టం మాట వినగానే బావ కొంచెం నెమ్మదించాడు. మిలిటరీ మనిషికి రూలు చూపిస్తే చాలు.

అక్కడ ఒక కాగితం ఇచ్చారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 80. పీసీఎల్-5 అంటారట. పీడకలలు వస్తున్నాయా, జరిగినదాన్ని గుర్తుచేసే చోట్లకు వెళ్ళకుండా తప్పించుకుంటున్నారా, చీటికిమాటికి కోపమొస్తోందా, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉంటోందా, ఇలాంటివి. బావ అన్నిటికీ 1 వేసి ఇచ్చేశాడు. డాక్టరు నవ్వి అలాంటిదే ఇంకో కాగితం నా చేతికిచ్చి "ఈయన్ని చూస్తే మీకేం కనబడుతుందో అది రాయండమ్మా" అన్నాడు. నేను టీచర్ని, మార్కులు వేయడం నాకు కొత్త కాదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక బావ నా కాగితం చాలాసేపు చూశాడు. "ఇన్నా?" అన్నాడు. పీటీఎస్‌డీ అని డాక్టరు చెప్పిన మాట కన్నా ఆయనకు ఆ అంకెలే ఎక్కువ పట్టాయనుకుంటా.

కొన్ని నెలలు మందులు వాడాక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆమె బెంగళూరులో ఉంటుంది, తెలుగు మాట్లాడుతుంది. మొదటిసారి ఇద్దరం రైల్లో వెళ్ళి కలిశాం, తర్వాతవన్నీ వీడియోలోనే. ఫీజు మేమే కట్టుకున్నాం, తక్కువేం కాదు.

ఆమె చేసినది సొంతంగా కనిపెట్టినదేం కాదు. అమెరికాలో మాజీ సైనికుల కోసం క్యాండిస్ మాన్సన్, స్టెఫనీ ఫ్రెడ్‌మన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు పీటీఎస్‌డీకి భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టే పద్ధతి ఒకటి తయారుచేశారు. అసలు పద్ధతి 15 సిట్టింగులది. 2012లో జామా అనే వైద్య పత్రికలో 40 జంటల మీద చేసిన అధ్యయనం వచ్చింది. జబ్బు లక్షణాలూ తగ్గాయి, పీటీఎస్‌డీ ఉన్న మనిషికి కాపురంలో తృప్తీ పెరిగింది అని దాని సారాంశం. 15 సార్లు రావడం అందరికీ కుదరదు గనక తర్వాత దాన్ని 8కి కుదించారు. శాన్ డియాగోలో మాజీ సైనికులకు వీడియోలో, వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంచి చేసి చూశారు. మాకు చేసింది ఈ పొట్టి పద్ధతినే, మన ఇళ్ళకు తగ్గట్టు కొంచెం మార్చి. అక్కడ శని ఆదివారాల్లో జంటలకు శిబిరాలు కూడా పెడతారట. మన దగ్గర మాజీ సైనికుల ర్యాలీల్లో కళ్ళ డాక్టరు, బీపీ చూసేవాళ్ళు, పెన్షన్ సమస్యలు వినేవాళ్ళు, అందరినీ చూశాను. మొగుడూ పెళ్ళాం కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక బల్ల వేసినట్టు మాత్రం చూడలేదు.

మొదటిసారి మా ఇద్దరితో విడివిడిగా మాట్లాడింది. నన్ను సూటిగానే అడిగింది. చెయ్యి చేసుకుంటాడా, ఆయన ఎదుట నోరు విప్పడానికి భయమేస్తుందా, క్యాంటీన్ మందు ఎంత తాగుతాడు, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా. గట్టిగా కొట్టుకునే ఇళ్ళల్లో ఈ పద్ధతి చేయరట, ముందు ఆ మనిషి క్షేమం చూడాలట. ఇది నాకు చాలా నచ్చింది. మన దగ్గర పెద్దమనుషుల పంచాయితీల్లో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి "చెప్పమ్మా నీ బాధేంది" అంటారు. పక్కన ఆయన ఉండగా ఏ ఆడది చెప్తుంది?

తర్వాత తుపాకీ సంగతి వచ్చింది. గార్డు ఉద్యోగం కోసం బావ లైసెన్సు మీద డబల్ బ్యారెల్ కొన్నాడు. ఉద్యోగం పోయినా అది బీరువాలోనే ఉంది. ఇంట్లో ఉండొద్దని ఆమె అనేసరికి బావ ముఖం ఎర్రబడింది. "ఇరవై ఏళ్ళకు పైన ఆయుధం పట్టినవాణ్ణి, నాకు చెప్తారా?" అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "మీ చేతిని అనుమానించడం లేదు సార్. నిద్ర లేని రాత్రిని అనుమానిస్తున్నా" అంది. బావ ఒప్పుకోలేదు. ఆ సిట్టింగు అంతటితో ఆగిపోయింది. ఇంటికొచ్చాక రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మూడో రోజు నేనే అన్నాను, "ఎన్నికలప్పుడు స్టేషన్లో పెట్టి రావడం లేదా బావా, ఇదీ అలాంటిదే అనుకో." మా జిల్లాలో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళకు ఎన్నికలొస్తే డిపాజిట్ చేయడం అలవాటే. దాన్నెవరూ అవమానంగా అనుకోరు. బావ ఏమీ మాట్లాడలేదు గానీ మరుసటి వారం లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర డిపాజిట్ చేసి రసీదు తెచ్చి, ఫోన్ కెమెరా ముందు పట్టుకుని ఆమెకు చూపించాడు.

వీడియో సిట్టింగులప్పుడు ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, తలుపు వేసుకుని కూర్చునేవాళ్ళం. అత్తకు ఆన్‌లైన్ ట్రైనింగ్ అని చెప్పాం. ప్రతిసారీ చివర్లో ఇంటిపని ఇచ్చేది. మొదటి ఇంటిపని వింటే నవ్వొస్తుంది. రోజుకొకసారి ఎదుటి మనిషి చేసిన మంచి పని ఒకటి గమనించి రాయాలి, పైకి చెప్పాలి. బావ డ్యూటీ రిజిస్టర్‌లో రాసినట్టే రాశాడు. "0615 గంటలు. టీ ఇచ్చింది. చక్కెర సరిపోయింది." మర్నాడు, "1910 గంటలు. బుడ్డలు వలిచేటప్పుడు పక్కన కూర్చుంది." మా పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నుంచి నాకు వచ్చిన పొగడ్తలు అవే, వాటి మీద టైము కూడా ఉంది.

రెండోది కోపం వచ్చినప్పుడు ఆగడం. ఆయనకు అంతకుముందూ ఆగడం తెలుసు, మాట మధ్యలో వదిలేసి మిద్దెక్కేవాడు, ఎప్పుడు దిగుతాడో తెలిసేది కాదు. నేను కింద అన్నం కలుపుకుంటూ చెవులు పైకి పెట్టి కూర్చునేదాన్ని. కొత్త పద్ధతిలో ఇద్దరం ముందే ఒక సైగ అనుకోవాలి, ఎంతసేపు ఆగుతామో పైకి చెప్పాలి, ఆ టైముకు తిరిగి వచ్చి మళ్ళీ ఆ మాట దగ్గరే మొదలుపెట్టాలి. వెనక్కి రావడమే దీనిలో అసలు సంగతి. అరచెయ్యి పైకెత్తి చూపించడం మా సైగ. తొమ్మిదో తరగతి చదువుతున్న మా వాడు దాన్ని రెండు రోజుల్లో పట్టేసి, లెక్కలు చేయమంటే చెయ్యెత్తి "అరగంట" అని బయటికి పోవడం మొదలుపెట్టాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. నాకు మింగుడుపడనిది తర్వాత వచ్చింది. బావ జబ్బు వల్ల ఇంట్లో ఎవరెవరు ఏమేం మార్చుకున్నారో రాయమంది. రాస్తూ పోతే పేజీ నిండింది. బావ బయటికి వెళ్ళాకే కుక్కర్ పెడతాను. కాశ్మీర్ వార్తలొస్తే టీవీ ఆపేస్తాను. పిల్లవాడు తలుపులు చప్పుడు కాకుండా వేస్తాడు. పెళ్ళిళ్ళకు నేనొక్కదాన్నే వెళ్ళి "ఆయనకు డ్యూటీ" అని చెప్పొస్తాను, డ్యూటీ లేదని అందరికీ తెలిసినా. హాస్టల్లో ఉండే పెద్దపాప మాట్లాడాలంటే ముందు నాకు ఫోన్ చేసి "నాన్న మూడ్ ఎలా ఉంది?" అని అడుగుతుంది. దీపావళికి ముందురోజే మా పుట్టింటి పల్లెకు, అక్కడినుంచి చేను దగ్గరి కొట్టంలోకి తీసుకుపోతాను.

ఆమె అదంతా విని అంది. మీరు ప్రేమతోనే చేస్తున్నారు, తప్పని అనడం లేదు. కానీ ఇంటిల్లిపాదీ ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటుంటే, బయట నిజంగానే ప్రమాదం ఉందని ఆయన మనసుకు రోజూ రుజువు దొరుకుతున్నట్టే. తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకు హాయిగా ఉంటుంది, భయం మాత్రం అలాగే మిగిలి ఇంకొంచెం గట్టిపడుతుంది. పీటీఎస్‌డీ బతికేదే ఈ తప్పించుకోవడం మీద.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మంచు కొండల్లో ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఇద్దరు పిల్లల్నీ, అత్తనూ, చేనునూ, బడినీ చూసుకున్నదాన్ని. ఇప్పుడు జబ్బు పెరగడానికీ నేనే కారణమా? అలాగే అడిగాను కూడా. బావ అప్పుడు మొదటిసారి మధ్యలో మాట్లాడాడు. "ఆమె నిన్ను అనడం లేదు. మీరంతా నా చుట్టూ సెంట్రీ డ్యూటీ చేస్తున్నారు. నాకు తెలుసు. తెలిసినందుకే ఇంకా సిగ్గుగా ఉంటుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట విని నా కోపం ఎటో పోయింది.

అయినా ఒక మాట చెప్తాను. అన్నీ మానేయాలంటే నేనిప్పటికీ ఒప్పుకోను. దీపావళికి కొట్టంలోకి పోవడం నేను మానలేదు. పక్కింటివాళ్ళు కాల్చే లక్ష్మీ బాంబుల శబ్దం నాకే తట్టుకోలేనిది. ఏది ఇల్లు గడవడానికి చేసేది, ఏది జబ్బుకు మేత వేసేది అన్నది సైకాలజిస్టు చెప్పలేదు, మేమే కూర్చుని తేల్చుకున్నాం. కుక్కర్ విషయంలో తేలింది. ఇప్పుడు బావ ఇంట్లో ఉండగానే పెడతాను, మొదట్లో "పెడుతున్నా బావా" అని చెప్పి పెట్టేదాన్ని, ఇప్పుడు చెప్పడం కూడా లేదు.

తప్పించుకుంటున్న చోట్లకు ఇద్దరూ కలిసి వెళ్ళడం ఆ తర్వాతి ఇంటిపని. చిన్నవాటితో మొదలుపెట్టి పెద్దవాటికి. ఆదివారం కూరగాయల మార్కెట్, సాయంత్రం సప్తగిరి సర్కిల్ రద్దీ, ఆ తర్వాత పెళ్ళి భోజనాలు. భయం వేసినా వెంటనే లేచిపోకుండా, అది దానంతట అది తగ్గేదాకా అక్కడే ఉండాలి. మా చిన్నాయన కూతురి పెళ్ళిలో నడిమి వరుసలో, వెనక జనం నడుస్తుండగా, బావ ఓళిగ తుంచుకుని తిన్నాడు. నుదుటి మీద చెమట కారుతోంది. నేను పక్కన కూర్చుని "వెళ్దామా" అనకూడదు, అది నా ఇంటిపని. ఆయన తినడం కన్నా నేను నోరు మూసుకోవడమే కష్టమైంది. మొహర్రం అప్పుడు గూగూడుకు కూడా వెళ్ళాం. ఎన్నో ఊళ్ళ జనం వస్తారక్కడికి. దర్శనం దాకా నిలబడ్డాడు, అగ్నిగుండం దగ్గర తోపులాట మొదలవగానే "ఇక నావల్ల కాదు" అన్నాడు. వచ్చేశాం. సైకాలజిస్టు దాన్ని ఓటమి కింద లెక్కపెట్టలేదు, ఎంతసేపు ఉన్నారో అడిగింది అంతే.

చివరి సిట్టింగుల్లో ఆ రోజు గురించి మాట్లాడించింది. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమని అడగలేదు, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బావ ఇంకా ముందే వచ్చేవాడేమో. దాని గురించి ఆయన ఏమనుకుంటున్నాడు, అదే అడిగింది. "నేను ముందు నడవాల్సింది, వాణ్ణి నడవమన్నా" అన్నది ఇన్నేళ్ళుగా ఆయన నమ్మకం. ఆమె వాదించలేదు. ఆ మాటకు వేరే ఏ అర్థాలు ఉండొచ్చో ఇద్దర్నీ చెరొకటి చెప్పమంది, తప్పైనా తిక్కదైనా పర్వాలేదు, రాస్తూ పొండి అంది. ఆ రోజు ఎవరు ముందు నడవాలన్నది వంతు ప్రకారం వచ్చిందన్న సంగతి అలా రాస్తుంటేనే బయటపడింది. బావకు అది తెలియక కాదు. పైకి ఎప్పుడూ అనలేదు.

తర్వాత నావైపు తిరిగింది. ఇన్నేళ్ళలో మీరు ఆయన గురించి ఏం అనుకున్నారని. నేను దాచలేదు. ఆయన మనసు యూనిట్‌లోనే ఉండిపోయిందనీ, మేమంతా ఆయనకు లీవులో చూసి పోయే మనుషులమేననీ అనుకున్నాను. "డబ్బు పంపాడు, మనిషి రాలేదు" అన్నాను. బావ తల దించుకుని విన్నాడు. తన మాటల్లో దాన్ని తిరిగి చెప్పాలి, అది నియమం, వెంటనే జవాబు చెప్పుకోకూడదు. "నేను ఇంట్లో ఉన్నా లేనట్టే అనిపించింది నీకు" అన్నాడు. అంతే. సంజాయిషీ ఇవ్వలేదు. అది నాకు చాలు.

సిట్టింగులు అయిపోయాక మళ్ళీ ఆ ఇరవై ప్రశ్నల కాగితం నింపాం. ఈసారి రెండు కాగితాల మధ్య తేడా పెద్దగా లేదు. మార్కులు తగ్గాయి, సున్నాకు రాలేదు. పీడకలలు ఇంకా వస్తుంటాయి, మందులు నడుస్తున్నాయి, వాటిని ఎప్పుడు తగ్గించాలో సైకియాట్రిస్టే చెప్తాడు. హోటల్లో ఇప్పటికీ వాకిలి కనబడే కుర్చీయే కావాలంటాడు, లేకపోతే వేరేదాంట్లో కూర్చుంటాడు గానీ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తాడు.

ఉరవకొండ వైపు ఉండే బావ స్నేహితుడి భార్య ఈమధ్య నన్ను అడిగింది, మా ఆయన రానంటే ఏం చేయాలి వదినా అని. నాకు తెలిసింది చెప్పాను. ముందు 14416కు నువ్వు ఫోన్ చెయ్, నీకోసం కూడా అది. పాలీక్లినిక్‌లో నిద్ర సంగతే చెప్పమను, మిగతావి డాక్టరు రాబట్టుకుంటాడు. సైకాలజిస్టు దొరికితే, పీటీఎస్‌డీ ఉన్న మనిషినీ భార్యనూ కలిపి చేసే పని తెలుసా, ఎన్ని సిట్టింగులు, ముందు విడిగా మాట్లాడతారా అని అడుగు. విడిగా మాట్లాడకుండానే ఇద్దర్నీ కూర్చోబెట్టేవాళ్ళ దగ్గరికి పోవద్దు. మీ ఆయన కొడుతుంటే ఇది కాదు నీకు కావాల్సింది, 181కి చెయ్, అది మహిళల హెల్ప్‌లైన్.

మాకు తేలకుండా మిగిలింది పెద్దపాప సంగతి. ఇది మొగుడూ పెళ్ళాలకు చేసేది, తండ్రీ బిడ్డల మధ్య ఉన్నది వేరే అని సైకాలజిస్టు ముందే చెప్పింది. పాప చిన్నప్పుడు ఆయన లేడు, వచ్చాక అరుపులు విన్నది. ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తుంది, "నాన్న మూడ్ ఎలా ఉంది?" అని. మొన్న బావ అడిగాడు, "దసరా సెలవులకు వస్తుందో లేదో నువ్వు కనుక్కో మే" అని. "నేను కనుక్కోను, నంబరు నీ ఫోన్లో కూడా ఉంది కదా బావా" అన్నాను. ఇంకా చెయ్యలేదు.